గోదావరి డెల్టా పెరటిలో సాల్వియా

మార్గశిర, పుష్యమాసములలో రాజమహేంద్రవరము నుండి వేమగిరి, కడియపులంకల మీదుగా రావులపాలెము వైపు ప్రయాణము చేయువారికి బాటకు ఇరువైపుల ఉన్న మొక్కల తోటలలో దూరము నుండియే కనుపించు ఎరుపు సాల్వియాది. బంతి పసుపు, చామంతి తెలుపు ఎంత దట్టముగా ఉన్నను ఆ ఎరుపు ముందు వెలవెలబోవును. దానిని చూచి మనసుపడి, బండి ఆపి, రెండు మూడు సంచుల మొక్కలను కొని, ఇంటి ముందు నాటుకొని, సంక్రాంతికి వచ్చిన చుట్టములకు చూపి సంతోషించువారు ఎందరో ఉన్నారు. శివరాత్రి నాటికి ఆ మొక్కల ఆకులు పసుపుబారి, అంచులు మాడి, ఒక్కొక్కటిగా వాలిపోవుటయు వారిలో చాలమందికి అనుభవమే. అంతట, "ఇది చల్లని సీమ మొక్క, బెంగుళూరులోనే బతుకును, మన నేల దానికి పడదు" అని తేల్చివేసి మరుసటి ఏడు మరల నాలుగు సంచులు కొందురు. లేదా ఆ ఊసే మానుకొందురు.

ఈ మాటలో నిజము సగపాలు మాత్రమే. సాల్వియాలన్నియు ఒక్క స్వభావము కలవి కావు. వాటిలో మన ఎండకు జంకనివి కూడ ఉన్నవి. ఇక జంకు రకము సైతము మన శీతకాలములో మూడు నెలలపాటు హాయిగా పూయగలదు. దానిని చంపునది మన నేలయు కాదు, మన ఎండయు కాదు. వేరు కింద నిలిచిన నీరు, ఆ నీటిలోని ఉప్పు. ఈ రెండింటిని తప్పించుట సామాన్య గృహస్థునకు అసాధ్యము కాదు. అది ఎట్లో చెప్పుటకు ముందు ఆ మొక్క ఎవరి బంధువో తెలిసికొనుట మంచిది.

సాల్వియా మన తులసి కుటుంబములోనిది. తులసి, పుదీన, మరువము, వామాకు, పొలముగట్లపై తెల్లని పూలు పూయు తుమ్మి - ఇవి అన్నియు దాని దాయాదులే. పుదీన కాడనో తులసి కొమ్మనో వ్రేళ్ళ నడుమ త్రిప్పి చూచినచో అది గుండ్రముగా ఉండక నలుపలకలుగా తగులును. ఆకులు జంటలు జంటలుగా, ఒక జంటకు పై జంట అడ్డముగా వచ్చును. పూవు రెండు పెదవులు తెరచిన నోరు వలె ఉండును. సాల్వియాలోను ఈ మూడు గుర్తులు స్పష్టముగా కనబడును. నేటి శాస్త్రజ్ఞులు టేకును కూడ ఈ కుటుంబముననే చేర్చినారు. గోదావరి ఎగువ అడవులలోని మహావృక్షమునకును పెరటి కుండీలోని పుదీనకును ఉన్న ఈ చుట్టరికము వినుటకు వింతగా ఉండును గాని, లేత టేకు కొమ్మను పట్టి చూచినచో ఆ నలుపలకలు అక్కడను దొరకును.

సాల్వియా అను ప్రజాతిలో సుమారు వేయి జాతులున్నవి. రక్షించుట, స్వస్థపరచుట అను అర్థము గల లాటిను ధాతువు నుండి ఆ పేరు వచ్చినది. యూరపులో వంటకును వైద్యమునకును వాడు సేజి ఆకు ఈ ప్రజాతిలోనిదే. రోజ్‌మేరీని సైతము 2017లో ఇందులో కలిపినారు. మన దేశపు మైదానములలో పొలముగట్ల మీదను తేమ నేలలలోను తనంత తానుగా పెరుగు ఒక చిన్న సాల్వియా కలదు. ఇప్పటి గ్రంథములలో దాని పేరు సాల్వియా ప్లీబియా. సామర్లకోటలో కాపురముండి, 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళువరకు ఈ తీరపు మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బరో దానిని సాల్వియా బ్రాకియాటా అని పేర్కొనెను. దాని పూవు గోరు కొనంత కూడ ఉండదు కనుక దానిని ఎవరును తోటకు తేలేదు. కావున సాల్వియా మన దేశమునకు పూర్తిగా పరాయిది అనుట సరికాదు.

ఇచ్చట ఒక చిన్న మాట. ఈ మధ్య అంగళ్ళలో చియా గింజలని అమ్మునవి మెక్సికో దేశపు ఒక సాల్వియా గింజలు. మన సబ్జా గింజలు అవి కావు. సబ్జా తులసి ప్రజాతిలోని రుద్రజడ గింజ. రెండును నీట వేయగానే జిగురు పట్టును కనుక రెండింటిని ఒకటిగా భ్రమించువారు చాలమంది. పూల కొరకు పెంచు సాల్వియాల గింజలను మాత్రము తిను వస్తువుగా ఎంచరాదు.

ఇక పూవు సంగతి. ఎర్ర సాల్వియాలో మనము పూవు అనుకొను దానిలో పెద్దపాలు పూవు కాదు. సన్నని గొట్టము వలె బయటకు పొడుచుకొని వచ్చునది అసలు పూవు. అది కొలది దినములకే రాలిపోవును. దాని అడుగున గంట ఆకారములో ఉండు రక్షకపత్రము కూడ అదే ఎరుపు రంగులో ఉండి, పూవు రాలిన తరువాత వారముల తరబడి కొమ్మను అంటియుండును. అందుచేతనే మొక్క ఎల్లప్పుడు నిండుగా పూచినట్లు కనుపించును. నీలి సాల్వియాలోను ఇంతే. గంటలు నీలిగా నిలిచియుండును.

తేనెటీగల కొరకు ఏర్పడిన పలు సాల్వియా పూలలో ఒక విచిత్రమైన యంత్రమున్నది. కేసరము నడుమ కీలుపై నిలచి, ఒక కొన కిందికి, ఒక కొన పైకి ఉండును. మన పాతకాలపు ఏతాము గుర్తున్నవారికి దీనిని వేరుగా వివరింప పనిలేదు. తేనెకై తల దూర్చిన ఈగ కింది కొనను నెట్టును. పై కొన వంగి దాని వీపుపై పుప్పొడిని అద్దును. ఆ ఈగ మరియొక పూవునకు పోయి ఆ పుప్పొడిని అందించును. 1793లో జర్మనీ దేశీయుడగు స్ప్రెంగెల్ యూరపు పచ్చికబయళ్ళ సాల్వియాలో ఈ ఏర్పాటును వర్ణించి లోకమునకు తెలిపెను. బ్రెజిలు నుండి వచ్చిన ఎర్ర సాల్వియా పూవు ఈగలకై కాక, హమ్మింగు పక్షులకై ఏర్పడినది. ఆ పక్షులు మన ఖండములో లేవు. కాని మన తేనెపిట్టలు ఆ లోటును తీర్చుచున్నవి. ఉదయము ఎండ పొడుచు వేళ ఎర్ర సాల్వియా మడి వద్ద కొంతసేపు కదలక నిలచినచో వంకర ముక్కుతో గొట్టములను తడవు తేనెపిట్టలను చూడవచ్చును. ఒక్కొక్కప్పుడు అవి గొట్టమును మొదలు వద్ద పొడిచి దొంగదారిన కూడ తేనె తాగును.

మన పెరళ్ళకు పనికివచ్చు జాతులు ప్రధానముగా మూడు. మొదటిది ఆ బ్రెజిలు మొక్క, సాల్వియా స్ప్లెండెన్స్. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదములో జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ సెలో దానిని బ్రెజిలులో సేకరించెను. 1822లో అది గ్రంథస్థమైనది. కొండ ప్రాంతపు అడవులలో, చల్లని తడిగాలిలో, చెట్లనీడ అంచున పెరుగుట దాని పుట్టు లక్షణము. కడియములో సంచులలో అమ్మునది ఇదియే. సహజముగా నిలువెత్తుకు సమీపముగా పెరుగగల ఈ మొక్కను తోటమాలులు తరతరములుగా ఎన్నిక చేసి జానెడు, అడుగు ఎత్తునకు కుదించినారు. ఎరుపే కాక ఊదా, తెలుపు, గులాబి రంగులును ఉన్నవి. నా మట్టుకు ఆ తెలుపు మొక్క మీద ఎండినట్లే కనుపించును. ఎరుపును మించినది లేదు.

రెండవది సాల్వియా కాక్సీనియా. ఇదియు ఎరుపే గాని పూలు పలుచగా, అంతస్తులు అంతస్తులుగా వచ్చును. రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగును. స్ప్లెండెన్స్ మొక్కకు ఉన్న నిండుతనము దీనికి లేదు; సుకుమారత్వమును లేదు. వైశాఖపు ఎండలో కూడ, రోజు విడిచి రోజు నీరు దొరికినచో పూయుచునే ఉండును. మూడవది టెక్సాసు, మెక్సికోల నుండి వచ్చిన సాల్వియా ఫారినేసియా. పిండి చల్లినట్లు తెల్లని నూగు కాడపై ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది. నీలిరంగు వెన్నులు అడుగున్నర, రెండడుగుల ఎత్తున నిలువుగా లేచును. మన తోటలలో నిజమైన నీలి పూలు అరుదు. శంఖుపూవును, డిసెంబరు పూవును తీసివేసినచో చెప్పుకొనదగినవి ఎన్ని? అందుచేత ఈ మూడవ దానిని మరింత మంది పెంచవలెనని నా కోరిక. ఇది ఎండకు తాళును, కోసి సీసాలో ఉంచినచో వారము దినములు వాడదు.

ఇక పట్టువంటి ఊదారంగు వెన్నుల సాల్వియా ల్యూకాంథా పటములలో చూచి దానికై వెదకువారున్నారు. అది మెక్సికో మిట్టప్రాంతపు మొక్క. పగలు కురచయైన దినములలోనే పూయును. మన తేమలో కొమ్మలు సాగి వాలిపోవుటయే ఎక్కువ. వంటకు వాడు సేజి మన వానకాలమును దాటుట మరియు కష్టము. ఈ రెండింటి మీద డబ్బు పెట్టుట దండుగ అని చెప్పుటకు నేను సందేహింపను.

అసలు విషయమగు నేల, నీరులకు ఇప్పుడు వత్తము. కడియము చుట్టుపట్ల మొక్కల తోటలకు పేరుపొందిన ఊళ్ళ పేళ్ళను గమనించుడు: కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక. అన్నిటిలోను లంక ఉన్నది. ఏటి ఒండ్రు వేసిన లంకమట్టి తేలిక నేల. పోసిన నీటిని పట్టి ఉంచక కిందికి విడుచును. అమలాపురము వైపు గాని, భీమవరము వైపు గాని, రామచంద్రపురము వైపు గాని వరిపొలముల నడుమ ఉన్న ఇండ్ల నేల అట్టిది కాదు. అది జిగటమట్టి. వానకు ఉబ్బి మూసికొనును. ఎండకు బీటలు వారును. అంతే కాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నాటి నుండి డెల్టా అంతట కాలువలు పారుచున్నవి. సార్వా కోసిన వెంటనే దాళ్వాకు చేలలో నీరు పెట్టుదురు. మెట్ట సీమలలో బావులు దిగిపోవు పుష్య మాఘములలో కూడ మన పెరటి నేల అడుగున రెండు మూడడుగుల లోతుననే తడి ఉండుట ఇందువలననే. సాల్వియా పూయు కాలమును అదియే. పైన మట్టి ఎండినట్లు కనుపించును. ఇల్లాలు చెంబుతో నీరు పోయును. కింద వేరు మునిగియుండును.

కొనితెచ్చిన సంచి మొక్క చచ్చుటలో మరియొక కిటుకున్నది. సంచిలోని మట్టి చాలవరకు మెట్టప్రాంతపు ఎర్రమట్టి. నల్లని జిగటమట్టిలో గొయ్యి తీసి, అందులో ఈ ఎర్రమట్టి ముద్దను దించి చుట్టును అణచినచో, ఆ గొయ్యి కుండ వలె పనిచేయును. పోసిన నీరు ఎర్రమట్టిలో సులువుగా దిగి, చుట్టునున్న జిగటను దాటలేక అక్కడనే నిలుచును. గాలి అందని వేరు కుళ్ళును. ఆకులు వాడును. వేరు కుళ్ళి వాడిన ఆకును చూచి దాహముచే వాడినదనుకొని మనము మరల నీరు పోయుదుము! నాటుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేసికొనవచ్చును. అడుగు లోతు గొయ్యి తీసి నీరు నింపి ఇంకనిండు. మరల నింపుడు. రెండవసారి పోసిన నీరు గంటకు అంగుళమైనను దిగినచో ఆ తావు సాల్వియాకు పనికివచ్చును. మరునాటికి కూడ నీరు అట్లే నిలచినచో అక్కడ గొయ్యి తీయుట మాని, నేలపై మడి ఎత్తవలెను.

ఎత్తుమడి అనగా పెద్ద ఏర్పాటేమియు కాదు. చుట్టు ఇటుకలో, తాటి మొద్దులో పేర్చి, కనీసము అడుగు ఎత్తున మట్టి నింపుటయే. లంకమట్టి దొరికినచో అది రెండు పాళ్ళు, ఏటి ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపవలెను. లంకమట్టి దొరకనిచోట ఎర్రమట్టి వాడవచ్చును. సముద్రపుటిసుకను మాత్రము ముట్టరాదు. మడిలో నింపుటకు ముందు కిందనున్న జిగటనేలను జానెడు లోతు గుల్లచేసినచో పై మట్టికిని కింది మట్టికిని నడుమ నీరు నిలిచిపోదు. కుండీలలో పెంచువారు అడుగు రంధ్రము మూసికొనకుండ పెంకుముక్క వేసి, కుండీని నేలపై ఉంచక రెండు ఇటుకలపై ఉంచిన చాలును.

రెండవ శత్రువు ఉప్పు. స్ప్లెండెన్స్ సాల్వియా నేలలోని లవణములను ఏమాత్రము సహింపలేనిది. నారుగా ఉన్నపుడు మరియు సుకుమారి. సముద్రమునకు దగ్గరైన కోనసీమ ఊళ్ళలోను, నరసాపురము ప్రాంతములోను పెక్కు బావుల, బోర్ల నీరు ఉప్పన. ఆ నీటికి కొబ్బరి జంకదు. దానిని చూచి అన్ని మొక్కలకు అదే నీరు పోయుట మనకు అలవాటు. సాల్వియా ఆకు అంచు మాత్రమే గోధుమవన్నెగా మాడి నడుమ పచ్చగా ఉన్నదనిన, మొదట నీటినే అనుమానింపవలెను. అట్టి ఊళ్ళలో కాలువ నీరో, పట్టి ఉంచిన వాననీరో పోయుట మేలు. అది వీలుకానిచోట స్ప్లెండెన్స్ జోలికి పోక, కాక్సీనియాను ప్రయత్నించుట తెలివి.

ఉప్పు మన చేతి మీదుగా కూడ చేరును. కొబ్బరి పీచు తీసిన పిదప మిగులు పొట్టు నేడు ప్రతి మొక్కల అంగడిలోను దొరకుచున్నది. తేలికగా ఉండి తేమను పట్టునదే గాని, అందులో పొటాషియము, సోడియము లవణములు సహజముగానే ఉన్నవి. ఉప్పునీట నానిన కాయ పొట్టులో మరింత ఎక్కువ. దానిని మంచినీటిలో నానబెట్టి పిండి, ఆ నీరు పారబోసి, మరల రెండు మూడు మారులు అట్లు చేసిన తరువాతనే నారుకు వాడవలెను. నానిన నీరు ముదురు టీ రంగు వదలి లేతబడుట ఒక గుర్తు. రసాయనపు ఎరువులును లవణములే కదా. మొక్క బలహీనముగా ఉన్నదని పిడికెడు యూరియా మొదట చల్లుట దానికి చివరి దెబ్బ కొట్టుటయే. మడిలో ఎరువు కలిపియున్నచో నాటిన మూడు వారముల వరకు ఏదియు అక్కరలేదు. ఆపైన పదిహేను దినములకు ఒకసారి పేడనీటి తేట, లేక వానపాముల ఎరువు కొలదిగా వేసిన చాలును.

విత్తు విషయములో కాలమే ముఖ్యము. సంక్రాంతికి పూలు కావలెననిన దసరా దినములలో, అనగా అక్టోబరు మొదటి పక్షములో, విత్తవలెను. విత్తినది మొదలు పది పండ్రెండు వారములకు పూయుట మామూలు. దసరాకు విత్తినచో ఈశాన్యపు వానలును తుపానులును వచ్చు కాలమంతయు మొక్క నారు మూకుడులోనే ఉండును. దానిని చూరు కిందికి జరుపుకొనుట సులభము. తుపాను అక్టోబరు నవంబరులలోనే డెల్టాపై పడుట మనకు తెలియనిది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమ నేటికిని మరువలేదు. కనుక కార్తికము దాటకుండ నారును బయటి మడిలో నాటుట మంచిది కాదు.

గింజలు చిన్నవి, స్ప్లెండెన్స్ గింజలు గ్రాముకు 250 నుండి 300 వరకు తూగును. ఒక ఇంటికి చిటికెడు చాలును. అడుగున రంధ్రములున్న వెడల్పాటి మట్టి మూకుడులో జల్లెడ పట్టిన మట్టి, ఇసుక, చివికిన ఎరువు సమపాళ్ళుగా పోసి, సలసల కాగిన నీటితో ఒకసారి తడిపి చల్లారనిచ్చినచో తెగులు పుట్టించు బూజు కొంత నశించును. గింజలను పైన చల్లి మెల్లగా అదిమి విడువవలెను. వాటిపై మట్టి కప్పుట చాలమంది చేయు పని. సాల్వియా గింజ మొలకెత్తుటకు వెలుతురు కావలెను. లోతుగా పాతిన గింజ మట్టిలోనే ఉండిపోవును. సన్నని ఇసుకను పొరగా చిలకరించిన చాలును. మూకుడును నేరుగా ఎండలో గాక వెలుతురు గల వసారాలో ఉంచవలెను. దానికి హితమైన వేడి 21 నుండి 24 డిగ్రీలు. రెండు వారముల లోపల మొలకలు వచ్చును.

ఆ తరువాత పది దినములు గండము. సాయంకాలము పచ్చగా నిలచియున్న నారు తెల్లవారుసరికి మొదలు వద్ద దారము వలె సన్నబడి పడిపోవును. దీనిని నారుకుళ్ళు అందురు. ఒత్తుగా చల్లిన గింజలు, సాయంకాలము పై నుండి పోసిన నీరు, కదలిక లేని గాలి - ఇవియే కారణములు. పలుచగా విత్తి, మూకుడును పళ్ళెములోని నీటిలో కొంతసేపు ఉంచి కింది నుండి తడియనిచ్చి, ఆ పనియు ఉదయమే చేసినచో మందులతో చాలవరకు పని ఉండదు. నాలుగాకులు వచ్చినపుడు మొక్కలను విడివిడిగా చిన్న గిన్నెలలోనికి మార్చవలెను. మూడు జంటల ఆకులు వచ్చిన పిదప తల తుంచవలెను. చేతులు రాక తుంచుట మానువారు ఒక్క కొమ్మతో, ఒక్క వెన్నుతో తృప్తిపడవలసినదే. తుంచిన మొక్క వారము పదిదినములు ఆలస్యముగా పూయును గాని నాలుగైదు కొమ్మలు వేసి గుబురుగా పెరుగును. అడుగు ఎడముగా నాటవలెను.

స్వయముగా విత్తు ఓపిక లేనివారు కడియములో కొనుట తప్పు కాదు. కాని నిండుగా పూచిన మొక్కను కొనకుడు. చిన్న సంచిలో వేరు చుట్టచుట్టుకొని, ఉన్న బలమంతయు పూవులో పెట్టి, ఇక పోవుటకు సిద్ధముగా ఉన్న మొక్క అది. ఒకటి రెండు మొగ్గలు మాత్రమే వేసిన పొట్టి మొక్కను ఎన్నుకొని, ఆకు వెనుక తిప్పి చూచి, సంచి అడుగున వేరు బయటకు రాని దానిని తీసికొనవలెను. ఇంటికి తెచ్చిన పిదప చుట్టుకొన్న వేళ్ళను వ్రేళ్ళతో కొంచెము విప్పి, కొంత ఎర్రమట్టిని రాల్చి, మడి మట్టి వేరుకు తగులునట్లు నాటినచో మునుపు చెప్పిన కుండ గొడవ తగ్గును. ఉన్న ఒకటి రెండు వెన్నులను ఆనాడే తుంచివేయవలెను. ఇది చెప్పినపుడు ఇంటివారు నొచ్చుకొందురు. పూలకై కొన్న మొక్కకు పూలు తుంచుటయా అని. మూడు వారములు ఆగినచో నొచ్చుకొన్నవారే చుట్టములకు చూపుదురు.

నాటు తావు ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నపుటెండ తప్పునదై ఉండవలెను. ఇంటికి తూర్పు ముఖము శ్రేష్ఠము. మన ఇండ్లలో నీడ యనిన కొబ్బరిచెట్టు నీడయే. కాని కొబ్బరి కింద సాల్వియాను నాటుట ఇప్పుడు చేటు. 2016లో దక్షిణభారతములో మొదట కనుపించిన సర్పిలాకార తెల్లదోమ త్వరలోనే మన జిల్లాల కొబ్బరిని కూడ పట్టినది. అది విసర్జించు తేనె వంటి జిగురు కిందనున్న మొక్కలపై కురియును. దానిపై నల్లని మసి వంటి బూజు పెరిగి ఆకును కప్పివేయును. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానమువారు ఆ దోమను మందులతో గాక, దానిని తిను, దానిలో పెరుగు చిన్న జీవులతోను, దానికి తెగులు పుట్టించు బూజుతోను అదుపు చేయు పద్ధతులపై కృషి చేసినారు. పెరటిలో మనము చేయదగినది మొక్కను కొబ్బరి మట్ట నీడ దాటి నాటుట. సాల్వియాకు స్వయముగా పట్టు పురుగులలో ముఖ్యమైనవి తెల్లదోమ, పిండినల్లి, ఎండలు ముదిరిన తరువాత ఎర్రనల్లి. ఇవి అన్నియు ఆకు అడుగున దాగును. వారమునకు రెండుమారులు ఆకు వెనుకకు నీటిని వేగముగా చిమ్మినచో చాలవరకు పోవును. మిగిలినచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవచ్చును.

నీరు ఎప్పుడు పోయవలెనని గడియారము చూడనక్కరలేదు. వ్రేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూచి, అక్కడ పొడిగా ఉన్నపుడు మాత్రమే పోయవలెను. పూచి వెలసిన వెన్నులను కింది ఆకుజంట వరకు కత్తిరించుచున్నచో మాఘము చివరి వరకు కొత్తవి వచ్చుచుండును. ఫాల్గుణములో ఎండ ముదురగానే స్ప్లెండెన్స్ అలసిపోవును. దానిని సగమునకు కత్తిరించి నీడలో ఉంచి వేసవి దాటింపవచ్చును గాని, దాటినది మరల మొదటి కళతో పూయుట అరుదు. ఆ స్థానములో కాక్సీనియా నాటుట మేలు. నీలి సాల్వియాను కత్తిరించినచో మరల చిగిర్చును. లేత కొమ్మలను నాలుగంగుళముల ముక్కలుగా కోసి తడి ఇసుకలో గుచ్చినచో చలికాలములో రెండు మూడు వారములకు వేరు వేయును.

కాక్సీనియా గూర్చి ఒక హెచ్చరిక అవసరము. అది తన గింజలను తానే రాల్చుకొని మొలచును. పెరటిలో ఇది సౌకర్యమే. ఒకసారి నాటినచో మరల కొననక్కరలేదు. కాని మన దేశములో కొన్ని కొండప్రాంతములలో అది తోటలు దాటి అడవి మొక్కయైనది. పొలముగట్లకును కాలువగట్లకును ఆనుకొనియున్న పెరళ్ళలో వెన్నులు ఎండకముందే కోయుట మంచిది. గుర్రపుడెక్క పూవు అందమునకై తెచ్చినదే. మన కాలువలలో అది చేయుచున్న పని అందరును ఎరుగుదురు.

గింజ తీసికొనుట తేలిక. గంట అడుగున నాలుగేసి గింజలు కూర్చుని ఉండును. గంట రంగు వెలసి కాగితము వలె ఎండినపుడు వెన్నును వంచి పళ్ళెములో తట్టవలెను. ఒక్క దినము ఆలసించినచో గింజ నేల పాలగును. ప్యాకెట్టు మీద ఎఫ్ 1 అని ఉన్న సంకర రకముల గింజలు తల్లి వలె రావు. ఎత్తును, రంగును మారిపోవును. కాక్సీనియా, నీలి సాల్వియాలలో సంకరము కాని రకముల గింజలను కాగితపు పొట్లములో కట్టి, పై సంవత్సరము, రకము వ్రాసి, అడుగున కొంచెము వేయించిన బియ్యము పోసిన గాజుసీసాలో మూత బిగించి ఉంచవలెను. మన వానకాలపు తేమలో విడిగా ఉంచిన గింజ ఆశ్వయుజము వరకు నిలువదు. బియ్యము మెత్తబడినచో మార్చుచుండవలెను.